ముందు దేని సంగతి చూడాలి?

2024 ఆగస్టు 10, శనివారం. హోస్పేట దగ్గర తుంగభద్ర జలాశయం అంచుల దాకా నిండి ఉంది. మట్టం 1,633 అడుగులు, నిల్వ సుమారు 105 టీఎంసీలు. ముందటి ఏడాది వానలు ముఖం చాటేశాయి. అందుకే నిండిన డ్యామును చూసి అటు కర్ణాటకలోనూ, ఇటు అనంతపురం, కర్నూలు, కడప, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోనూ ఆయకట్టు రైతుల మనసు కుదుటపడింది. ఆ రాత్రి పొద్దుపోయాక పంతొమ్మిదో గేటు గొలుసు తెగింది. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తున్న ఉక్కు తలుపు వరద తోపుడుకు కొట్టుకుపోయింది. ఆ ఒక్క ఖానాలోంచే దాదాపు 35 వేల క్యూసెక్కులు బయటికి దూకాయి. ఒక రోజంతా అలా పారితే మూడు టీఎంసీలు. డ్యాం మీద భారం తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తి, దాచుకున్న నీటిని నదిలోకి వదలాల్సి వచ్చింది.

33 గేట్లలో పోయింది ఒక్కటే. ఆ ఖానాకు అడ్డంగా దించే తాత్కాలిక తలుపు, అంటే స్టాప్‌లాగ్, సిద్ధంగా లేదు. అప్పటికప్పుడు ఉక్కు పలకలు తయారు చేయించారు. గేట్ల పనిలో తలపండిన మన తెలుగు ఇంజనీరు కన్నయ్య నాయుడు మార్గదర్శకత్వంలో ఆగస్టు 16, 17 తేదీల్లో వాటిని ఒకదాని మీద ఒకటి దించారు. కింద నీరు పరుగులు తీస్తుండగానే ఆ పని జరిగింది. చివరి పలక కూర్చున్నాక గానీ రైతులకు నిద్ర పట్టలేదు.

1953లో పూర్తయిన డ్యాం అది. ఏడు దశాబ్దాలుగా నీటిని ఆపుతూ వచ్చింది. ఇలాంటి కట్టడాన్ని చూసుకునే ఇంజనీరు బల్ల మీద ఎప్పుడూ వంద పనులు ఉంటాయి. కాలువ గట్టు జారింది, గ్యాలరీలో ఊట పెరిగింది, మోటారు వేడెక్కుతోంది, దారిలో దీపాలు వెలగడం లేదు, గొలుసుకు తుప్పు పట్టింది. వందా ఒకేసారి చేయడానికి డబ్బు చాలదు, మనుషులు చాలరు, వానాకాలం ఆగదు. మరి ముందు ఏది? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతికే పద్ధతినే ఇంజనీర్లు ప్రమాద అంచనా అంటారు. ఈ అధ్యాయం ఆ పద్ధతి గురించి. కృష్ణా, తుంగభద్రల వెంట నడుస్తూ దాన్ని తెలుసుకుందాం.

రెండు ప్రశ్నలు

పిడుగంటే చాలామందికి హడల్. పిడుగుపాటుకు చనిపోయేవాళ్ళ కన్నా రోడ్డు మీద చనిపోయేవాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ఉరుము ఉరిమితే ఉలిక్కిపడతాం, హెల్మెట్ లేకుండా బండెక్కుతాం. మన భయానికి లెక్క తెలియదు. 1662లో ఫ్రాన్స్‌లో ఆంటువాన్ ఆర్నో, పియేర్ నికోల్ వెలువరించిన తర్కశాస్త్ర గ్రంథం ఈ ఉరుము భయాన్నే ఉదాహరణగా తీసుకుంది. కీడు ఎంత పెద్దదన్నది ఒక్కటే చూసి భయపడితే చాలదు, అది జరిగే అవకాశం ఎంతో కూడా తూచాలని వాళ్ళు వాదించారు. నేటి ప్రమాద అంచనాకు పునాది రాయి ఇదే.

కాబట్టి ఏ ప్రమాదాన్నయినా రెండు ప్రశ్నలు అడగాలి. జరిగే అవకాశం ఎంత? జరిగితే నష్టం ఎంత? దారి దీపం ఏడాదికి పదిసార్లు పోవచ్చు, పోతే ఒక బల్బు ఖర్చు. గేటు యాభై ఏళ్ళలో ఒక్కసారి పోవచ్చు, పోతే లక్షల ఎకరాల పంట.

అవకాశం విషయంలో మన అంచనా చాలా తేలిగ్గా తప్పుతుంది. లెక్క కోసం ఒక అంకె ఊహించుకుందాం. ఏదో ఒక డ్యాంలో ఒక్కో గేటు ఏ ఏడాదైనా విఫలమయ్యే అవకాశం వెయ్యిలో ఒకటి అనుకుందాం. వెయ్యిలో ఒకటంటే పట్టించుకోనక్కరలేదని అనిపిస్తుంది. అక్కడ తుంగభద్రలో లాగే 33 గేట్లున్నాయనుకుందాం. అంటే ఏదో ఒక గేటు పోయే అవకాశం ఏడాదికి నూటికి మూడుకు పైనే. ముప్పై ఏళ్ళ కాలం తీసుకుంటే ఆ అవకాశం నూటికి 63. వెయ్యిలో ఒకటి అనుకున్నది, ఒక ఉద్యోగి కొలువులో చేరి పదవీ విరమణ చేసేలోపు జరగకపోవడం కన్నా జరగడానికే ఎక్కువ వీలున్న సంగతిగా మారింది. ఒక్క వస్తువును చూస్తే చిన్నదిగా కనిపించే ప్రమాదం, వస్తువుల సంఖ్యతోనూ ఏళ్ళతోనూ కలిసి పెరుగుతుంది.

నూరేళ్ళ వరద

తుంగభద్ర వెళ్ళి కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి కిందికి వస్తే శ్రీశైలం. ఆ డ్యామును 19 లక్షల క్యూసెక్కుల వరద వస్తుందన్న అంచనాతో రూపొందించారు. 2009 అక్టోబరు 2న వచ్చిన వరద 25 లక్షలు దాటింది. పూర్తిమట్టం 885 అడుగులైతే నీరు 896 అడుగులు దాటి నిలబడింది. పైన కర్నూలు నగరం మునిగింది. కింద నాగార్జునసాగర్ నుంచి విజయవాడ దాకా జనం గుండెలు అరచేతిలో పెట్టుకున్నారు. డ్యాం తట్టుకుంది. తట్టుకోకపోయి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచనే ఒళ్ళు జలదరింపజేస్తుంది.

వరదల గురించి చెప్పేటప్పుడు ‘నూరేళ్ళ వరద’ అనే మాట వాడతారు. ఇది తప్పుదారి పట్టించే మాట. వినగానే నూరేళ్ళకోసారి వచ్చేది, మొన్ననే వచ్చింది కాబట్టి మన మనవల కాలం దాకా ఫరవాలేదని అనుకుంటాం. దాని అసలు అర్థం, ఏ ఏడాదైనా ఆ స్థాయి వరద రావడానికి నూటికి ఒక పాలు అవకాశం ఉందని. ఏటా ఆ పాచిక మళ్ళీ కొత్తగా పడుతుంది. పోయిన ఏడాది వరద వచ్చిందన్న సంగతి మేఘానికి గుర్తుండదు. యాభై ఏళ్ళు నిలవాల్సిన వంతెన తన జీవితకాలంలో నూరేళ్ళ వరదను కనీసం ఒకసారి చూసే అవకాశం నూటికి దాదాపు 40. నూరేళ్ళు నిలిచేదైతే 63.

పాత లెక్కలు శాశ్వతం కూడా కావు. 2009 అక్టోబరు వరదలో విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి. అదే రికార్డుగా నిలిచింది. పదిహేనేళ్ళు నిండకుండానే, 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో 11.43 లక్షలతో ఆ రికార్డు చెరిగిపోయింది. అందుకే ప్రమాద అంచనాను ఒకసారి రాసి బీరువాలో పెట్టి తాళం వేయకూడదు. ప్రతి వానాకాలం తర్వాత తీసి దుమ్ము దులిపి మళ్ళీ లెక్క వేయాలి.

ఊట తేటగా ఉందా?

అవకాశం, నష్టం చూశాం. మూడో ప్రశ్న మన ఊళ్ళలో నీరటివాళ్ళకు తరతరాలుగా తెలుసు. చెరువు నిండినప్పుడు నీరటి కట్ట వెంబడి నడుస్తూ వెలుపలి వాలు చూస్తాడు. మట్టికట్టకు అంతో ఇంతో ఊట ఉంటుంది, అది తప్పు కాదు. అతను చూసేది ఊట నీటి రంగు. తేటగా వస్తుంటే కాస్త నెమ్మది. బురదగా వస్తోందంటే నీరు కట్ట లోపలి మట్టిని మోసుకొస్తోందని, లోపల సొరంగం పెరుగుతోందని అర్థం. అప్పుడు ఊరంతా లేవాలి, ఇసుక బస్తాలు దిగాలి. పెద్ద మట్టి డ్యాంల దగ్గర నేటి ఇంజనీర్లు ఊటను కొలిచి, అందులో మట్టి ఉందేమో పరీక్షించేదీ ఇందుకే.

ఆ మూడో ప్రశ్న ఇది: జరగబోతోందని మనకు ముందుగా తెలుస్తుందా? రెండు ప్రమాదాలకు అవకాశమూ నష్టమూ సమానమే అయినా, ఒకటి చెప్పి వస్తుంది, ఒకటి చెప్పకుండా వస్తుంది. కాలువ గట్టు జారేముందు పగుళ్ళు చూపిస్తుంది. గొలుసు లంకె లోపలి నుంచి తినుకుపోతే, పైన రంగు వేసి ఉంటే, తెగే క్షణం దాకా నిక్షేపంగానే కనిపిస్తుంది. చెప్పకుండా వచ్చేదానికి వరుసలో ముందు చోటు ఇవ్వాలి.

గుణకారం దాచే సంగతి

ఈ మూడు ప్రశ్నలనూ కలిపి ఒక పట్టికగా మార్చే పద్ధతి 1949లో అమెరికా సైన్యం జారీ చేసిన ఒక విధాన పత్రంతో మొదలైంది. తర్వాత చంద్రుడి మీదికి మనుషులను పంపిన అపోలో యాత్రల్లోనూ, ఆపైన కార్ల పరిశ్రమలోనూ స్థిరపడింది. దీన్ని వైఫల్య విశ్లేషణ అనవచ్చు. కట్టడాన్నో యంత్రాన్నో భాగాలుగా విడదీస్తారు. ప్రతి భాగాన్నీ తీసుకుని, ఇది ఎన్ని రకాలుగా చెడగలదు, చెడితే ఏమవుతుంది అని అడుగుతారు. నష్టానికి పదికి ఇన్ని, అవకాశానికి పదికి ఇన్ని, ముందుగా కనిపెట్టడం ఎంత కష్టమో దానికి పదికి ఇన్ని మార్కులు వేస్తారు. మూడింటినీ గుణిస్తారు. వచ్చిన అంకె పెద్దదైతే ఆ పని ముందు.

చూడ్డానికి చక్కగా ఉంది. ఇప్పుడు ఇద్దరు పోటీదారులను నిలబెడదాం. ఈ మార్కులు ఉదాహరణ కోసం నేను వేసినవి. కాలువ లైనింగ్ పగలడం: నష్టం 4, అవకాశం 9, కనిపెట్టడం 4. గుణిస్తే 144. గేటు గొలుసు తెగడం: నష్టం 9, అవకాశం 2, కనిపెట్టడం 6. గుణిస్తే 108. పట్టిక ప్రకారం లైనింగే ముందు. డబ్బు అక్కడ అయిపోతుంది. గొలుసు వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు, కానీ తీర్పు ఘోరంగా తప్పింది.

ఎందుకంటే ఈ మార్కులు కొలతలు కావు, వరుసలు. పరుగు పందెంలో మొదటివాడికీ రెండోవాడికీ మధ్య అడుగు దూరం ఉండొచ్చు, వంద గజాలూ ఉండొచ్చు. ఒకటి, రెండు అనే స్థానాలు ఆ దూరాన్ని చెప్పవు. అలాగే 8 మార్కుల నష్టం 4 మార్కుల నష్టానికి రెట్టింపేమీ కాదు. నాలుగు మరమ్మతు ఖర్చయితే ఎనిమిది మనుషుల ప్రాణాలు కావచ్చు. వరుసలను గుణిస్తే ఆ అగాధం అంకెల కింద కప్పబడిపోతుంది. ఈ లోపాన్ని గుర్తించే 2019లో కార్ల పరిశ్రమ తన చేతిపుస్తకంలోంచి గుణకారాన్ని తీసేసింది. ముందు నష్టం ఎంతో చూడు, తర్వాత అవకాశం, ఆ తర్వాతే కనిపెట్టగలమా లేదా అన్నది చూడు అనే వరుసను తెచ్చింది.

దీన్నుంచి మనం తీసుకోవలసిన సూత్రం ఒకటుంది. ప్రాణనష్టం, తిరిగి పూడ్చలేని నష్టం ఉన్నవాటిని ముందుగా విడిగా తీసి ఒక పక్కన పెట్టాలి. వాటి అవకాశం ఎంత తక్కువైనా సరే, ‘దీనికి మనం ఏం చేశాం’ అన్న ప్రశ్నకు జవాబు రాశాకే మిగతా జాబితా తెరవాలి. మిగిలినవాటికి గుణకారం నిక్షేపంగా పనికొస్తుంది.

కష్టాలు ఒంటరిగా రావు

ప్రమాదాలను వరుసకొకటిగా రాస్తాం కాబట్టి అవి విడివిడిగా వస్తాయని భ్రమపడతాం. ఒక పంపు పాడయ్యే అవకాశం నూటిలో ఒకటి. రెండో పంపు పెట్టుకుంటే, రెండూ ఒకేసారి పాడయ్యే అవకాశం పదివేలలో ఒకటి. కానీ రెండు పంపులూ ఒకే గదిలో, ఒకే కరెంటు లైను మీద ఉంటే ఆ గదిలోకి నీరొచ్చిన రోజు రెండూ కలిసే ఆగిపోతాయి. 2011 మార్చి 11న జపాన్‌లో ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో జరిగింది ఇదే. కరెంటు పోతే ఆదుకోవాల్సిన డీజిల్ జనరేటర్లు ఒకటికి మించే ఉన్నాయి. చాలావరకు పల్లంలోనే ఉండటంతో ఒకే సునామీ వాటిని ముంచేసింది.

కృష్ణకు ఉపనది అయిన మూసీ ఈ పాఠాన్ని మనకు అంతకు వందేళ్ళ ముందే చెప్పింది. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచెత్తిన వరదలో వేలమంది చనిపోయారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నది ఒడ్డునే ఆగిపోలేదు. ఎగువన పరివాహక ప్రాంతమంతా లెక్కలోకి తీసుకున్నారు. అక్కడి వందల చెరువుల్లో రెండు వందలకు పైగా ఆ వరదలో తెగాయి. పై చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది. అది కూడా తెగితే రెండింటి నీరూ కలిసి మూడోదాని మీద పడుతుంది. నగరానికి రక్షణ నగరంలో దొరకదు, ఎగువన వరదను పట్టి నిలిపే పెద్ద జలాశయాలు కావాలని ఆయన తేల్చారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

ఈ కన్నుతో మళ్ళీ తుంగభద్రను చూడండి. పంతొమ్మిదో గేటు పోయింది సరే, మిగతా 32 గేట్లూ దాని తోటివే. అదే వయసు, అదే నీరు, అదే ఎండ. ఒకటి తెగిందంటే అది ఒక్కదాని సంగతే అనుకోవడానికి వీల్లేదు.

ఇక జాబితాలో ఎవరూ రాయని ప్రమాదాలూ ఉంటాయి. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ మీదికి ఎగువ నుంచి బోట్లు కొట్టుకొచ్చి గేట్లను ఢీకొన్నాయి. గేట్లకు తూకంగా ఉండే కౌంటర్‌వెయిట్లు కొన్ని దెబ్బతిన్నాయి. వరద లెక్క, గేటు బలం లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా అందులో బోటు ఉండదు. రేవులో బోట్లు కట్టేవాడిని, చేపలు పట్టేవాడిని, గేటు తిప్పే లస్కరును కూర్చోబెట్టి ‘ఇక్కడ ఏం జరగొచ్చు’ అని అడిగితే అది జాబితాలోకి వస్తుంది. జాబితా తయారుచేసే గదిలో ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టే జాబితా ఎంత పూర్తిగా ఉంటుందన్నది తేలుతుంది.

పట్టికలో ఉంది, అయినా

1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ పైకెగిరిన 73 సెకన్లకు విచ్ఛిన్నమై ఏడుగురు చనిపోయారు. రాకెట్ భాగాల మధ్య అతుకును మూసే రబ్బరు వలయం ఆ చలికి బిగుసుకుపోయి వేడి వాయువును ఆపలేకపోయింది. ఇది ఎవరూ ఊహించని లోపం కాదు. చెడితే నౌకా మనుషులూ దక్కరని తేల్చిన భాగాల జాబితాలో ఆ అతుకు ముందే ఉంది. అంతకు ముందు యాత్రల్లోనూ వలయాలు కాలిన గుర్తులు కనిపించాయి. ప్రతిసారీ నౌక క్షేమంగా తిరిగొచ్చింది కాబట్టి ఆ గుర్తులు మామూలు అయిపోయాయి. ప్రయోగానికి ముందురోజు రాత్రి రోజర్ బోజొలే తదితర ఇంజనీర్లు ఇంత చలిలో వద్దని మొత్తుకున్నారు. వాళ్ళ మాట చెల్లలేదు.

విచారణ సంఘంలో సభ్యుడైన భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఒక తేడాను పట్టుకున్నారు. నౌకను కోల్పోయే అవకాశం ఎంతని అడిగితే పనిచేసే ఇంజనీర్లు దాదాపు నూటిలో ఒకటి అన్నారు. యాజమాన్యం లక్షలో ఒకటి అంది. లక్షలో ఒకటంటే మూడు వందల ఏళ్ళపాటు రోజుకో నౌకను పంపినా పోయేది ఒక్కటేనన్న మాట. చరిత్ర ఏం తేల్చింది? మొత్తం 135 యాత్రల్లో రెండు నౌకలు పోయాయి. రెండోది 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా. ఇనుమును చేత్తో పట్టుకునేవాళ్ళ అంచనాయే నిజానికి దగ్గరగా ఉంది.

ఏదైనా ప్రాజెక్టులో ‘ఇన్నేళ్ళుగా ఏం కాలేదు కదా’ అనే మాట వినబడితే మనం జాగ్రత్తపడాలి. ఇన్నేళ్ళు ఏం కాకపోవడానికి కట్టడం గట్టిగా ఉండటం కారణం కావచ్చు, అదృష్టమూ కావచ్చు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి.

పట్టికలోంచి పనిలోకి

వరుస తేలాక ఏం చేయాలి? ప్రమాదాన్ని అసలు దారిలోంచే తప్పించవచ్చు, తగ్గించవచ్చు, బీమా లాంటి వాటితో పంచుకోవచ్చు, చిన్నదైతే తెలిసి భరించవచ్చు. ప్రాణాలతో ముడిపడ్డవాటికి మాత్రం భరించడమన్న దారి మూసే ఉండాలి. తగ్గించడానికి మన మూడు ప్రశ్నలే దారి చూపుతాయి. గొలుసుకు గ్రీజు పెట్టడం, వయసు మీరాక మార్చడం తెగే అవకాశాన్ని తగ్గిస్తాయి. లంకెలను పరికరాలతో పరీక్షిస్తే ముందుగా కనిపెట్టగలం. స్టాప్‌లాగ్ సిద్ధంగా ఉంచుకుంటే, దిగువ ఊళ్ళకు హెచ్చరిక అందే ఏర్పాటు ఉంటే, తెగినా నష్టం తగ్గుతుంది. 2021 ఆగస్టు 5న పులిచింతలలో పదహారో గేటు కొట్టుకుపోయింది. అక్కడా, తుంగభద్రలోనూ చివరికి ఆదుకున్నది స్టాప్‌లాగే. ఆపద రాదని నమ్ముకుని ఊరుకోకుండా, వస్తే ఏం చేయాలో ముందే సిద్ధం చేసుకోవడం ఇంజనీరుకు అవమానం కాదు, అది ఆయన వృత్తి ధర్మం.

ఖర్చు పెట్టే ప్రతి రూపాయి ఎంత ప్రమాదాన్ని తగ్గిస్తోందో కూడా చూడాలి. గొలుసులన్నీ పరీక్షించడానికి అయ్యే ఖర్చు, ఒక పంటకాలం నీరు పోగొట్టుకున్న ఆయకట్టు నష్టం ముందు లెక్కలోకి రాదు. చివరగా, పట్టికలో ప్రతి వరుస పక్కనా రెండు సంగతులు ఉండాలి: ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు. మన నదుల దగ్గర ఆ గడువును రుతువే నిర్ణయిస్తుంది. గేట్ల పనులు ఎండాకాలంలో, నీరు అడుగంటినప్పుడు జరగాలి. జూన్ దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి.

ఏ మే నెలలోనో మీరు ఒక బ్యారేజీ మీదుగా వెళుతున్నప్పుడు, మండే ఎండలో ఒక లస్కరు గ్రీజు డబ్బా పట్టుకుని గేటు మీదికి ఎక్కుతూ కనిపించవచ్చు. అప్పటికి నదిలో నీరుండదు, అతని పని ఎవరి కంటా పడదు. ఆగస్టులో వరద వచ్చి ఏ ప్రమాదమూ జరగకుండా వెళ్ళిపోతే అతని పేరు ఎవరికీ తెలియదు. కిందికి దిగాక అతను ‘ఏడో గేటు లంకె ఒకటి బాగా అరిగింది సార్’ అని చెబుతాడు. ఆ మాట ఆ సాయంత్రమే పట్టికలోకి ఎక్కాలి, జూన్ లోపు ఆ లంకె మారాలి.